నిండుకున్న డబ్బాలు

ప్రపంచం ఆగిపోబోతోందని మల్లేశ్వరరావుగారికి హిందీ పేపరు చెప్పింది. రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నిటికీ ఒకేసారి మతి పోతుందనీ, రైళ్లు ఎక్కడివక్కడ నిలిచిపోతాయనీ, కరెంటు ఉండదనీ, సరుకు కదలదనీ అందులో రాశారు. ఆయన రైల్వే గూడ్స్ ఆఫీసులో ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరైన మనిషి. కాగితం మీద ఉన్న మాటను అనుమానించడం ఆయన సర్వీసులోనే లేదు. డిసెంబరు మొదటి ఆదివారం రాయ్‌పూర్ శివారులోని బీర్‌గావ్ తెలుగు గల్లీలో తొమ్మిదిళ్ల మగవాళ్లనీ తన వరండాలో కమిటీగా కూర్చోబెట్టి, నలభై రోజులకు సరిపడా తిండి నిలవ చేసుకుని తీరాలని తీర్మానం చేయించారు. విడివిడిగా కొంటే కిరాణావాడు బాగుపడతాడు, చందాలేసుకుని కలిసి టోకున కొంటే మనం బాగుపడతాం, కాబట్టి అప్పటిదాకా ఎవరూ బియ్యం బస్తా కొనకూడదని కూడా ఆయనే చెప్పారు.

తీర్మానం బాగానే ఉంది. ఎంత కొనాలి అన్న దగ్గర బండి ఆగింది. ఎవరింట్లో ఏముందో, ఎవరెంత తింటారో ఆ వరండాలో ఉన్న ఒక్క మగవాడికీ తెలియదు. మల్లేశ్వరరావుగారికైతే సొంత ఇంట్లో ఉప్పు ఏ డబ్బాలో ఉంటుందో కూడా తెలియదు. అదేదో గొప్పలాగ ఆ సంగతి ఆయనే నలుగురికీ చెప్పుకునేవారు. అప్పుడు ఉర్లాలో ఇనుప ఫ్యాక్టరీలో పనిచేసే సూరిబాబు నసుగుతూ తన భార్య బీకాం చదివిందని అన్నాడు. అందరూ అమ్మయ్య అనుకుని లేచిపోయారు.

ఆ భార్య పేరు బంగారమ్మ. గల్లీకి కాపురానికి వచ్చి నాలుగు నెలలు. పుట్టి పెరిగింది రాయ్‌పూర్ పండరీ బజారు పేటలో, తండ్రి దానయ్య అక్కడ బట్టల టోకు దుకాణంలో గుమాస్తా. తల్లి చిన్నప్పుడే పోయింది. బడిలో హిందీ, వీధిలో ఛత్తీస్‌గఢీ, ఇంట్లో తండ్రీకూతుళ్ల మధ్య రెండూ కలగలిసిన తెలుగు. అత్త దాలమ్మది శ్రీకాకుళం జిల్లా. ఆవిడ రైలెక్కి రాయ్‌పూర్ వచ్చి ముప్పై ఏళ్లయినా మాట మాత్రం టెక్కలి స్టేషన్లోనే ఉండిపోయింది. కోడలు ‘అత్తా, పానీ గరం చెయ్యాలా’ అన్నప్పుడల్లా ఆవిడ గోడవైపు చూసి ‘మా హిందీ గుంట’ అని నిట్టూర్చేది.

గుంట అంటే వాళ్ల వైపు పిల్ల అని; ఆ మాటలో కోపం లేదు, మెచ్చుకోలూ లేదు. సామాన్ల గది తాళం దాలమ్మ కొంగున ఉండేది. బియ్యం ఆవిడే కొలిచి ఇచ్చేది, బంగారమ్మ వండేది. కూరేం చెయ్యాలని గానీ, పాలెన్ని పోయించుకోవాలని గానీ ఆ ఇంట్లో ఎవరూ కోడల్ని ఒక మాట అడిగిన పాపాన పోలేదు. పండరీలో తొమ్మిదో ఏటి నుంచి ఇల్లు నడిపిన పిల్లకి అది ఎలా ఉంటుందో ఊహించుకోండి. అందుకే కమిటీ లెక్క తన చేతికొచ్చిందని తెలిసిన పూట బంగారమ్మ రెండు చపాతీలు ఎక్కువ తింది. ఈ లెక్క సరిగ్గా తేలిస్తే ఈ ఇంట్లో తన మాటకీ కాస్త చోటు దొరుకుతుంది. ఆమెకు కావలసింది అంతే.

ముందు తలకాయలు లెక్కపెట్టింది. తొమ్మిదిళ్లకీ కలిపి నలభై ముగ్గురు. పెద్దవాళ్లు ఇరవై తొమ్మిది మంది, పిల్లలు పద్నాలుగు మంది. పెద్దవాళ్లకి రోజుకి అరకిలో బియ్యం, పిల్లలకి అందులో సగం. ఫ్యాక్టరీలో బరువులెత్తేవాళ్లూ, రెండు ముద్దలు తిని చాలనే ముసలివాళ్లూ ఒకరికొకరు సరిపోతారని వదిలేసింది. రోజుకి పద్దెనిమిది కిలోలు, నలభై రోజులకి ఏడు క్వింటాళ్ల ఇరవై. పప్పు, నూనె, ఉప్పు, పసుపు, చింతపండు, బెల్లం, ఉల్లిపాయలు, టీ పొడి, అగ్గిపెట్టెలు అన్నిటికీ ఇలాగే లెక్క వేసి, నోటుబుక్కులో గళ్లు గీసుకుని, రెండో ఆదివారం ఇల్లిల్లూ తిరగడానికి బయల్దేరింది. మొదటి గడి పేరు ‘కావలసింది’. రెండోది ‘ఇంట్లో ఉన్నది’.

రెండో గడి దగ్గరే కొంప మునిగింది. ఎలాగంటే, మొదట సొంత ఇంట్లోనే మొదలుపెట్టింది.

బియ్యం సంగతి ఏమిటత్తా అని అడిగింది. దాలమ్మ చింతపండు పిక్కలు తీస్తూ, తలెత్తకుండానే, నిండుకున్నాయి అంది. పప్పు? అదీ నిండుకుంది. నూనె, ఉప్పు, పసుపు? అన్నీ నిండుకున్నాయి. బంగారమ్మకి అత్తగారంటే గౌరవం పెరిగిపోయింది. ఎంత ముందుచూపు మనిషి, చెప్పకుండానే అన్నీ నింపి పెట్టుకుంది అనుకుని, రెండో గడిలో, నిండుగా ఉందని హిందీలో ‘భరా హై’ అని రాసుకుంది.

తెలుగింట్లో పుట్టిన ఏ ఆడపిల్లకైనా ఆ మాట తల్లి నోట వింటూనే వచ్చేస్తుంది. ఇంట్లో బియ్యం అయిపోయాయని నోటితో అనకూడదు, లేవని అసలే అనకూడదు. లక్ష్మి వింటుంది. అందుకని నిండుకున్నాయంటారు. పండరీలో దానయ్య ఇంట్లో లక్ష్మి వింటుందని భయపెట్టే ఆడదిక్కు లేదు. అక్కడ బియ్యం అయిపోతే కూతురు ‘ఖతం’ అనేది, తండ్రి సంచీ పట్టుకుని వెళ్లేవాడు.

రెండో ఇల్లు మల్లేశ్వరరావుగారిది. ఆయన భార్య అప్పలనరసమ్మ బియ్యం, పప్పు, నూనె అన్నీ నిండుకున్నాయని వరసగా చెప్పింది. బంగారమ్మ బీకాం చదివింది కదా, అంతటితో ఊరుకోలేదు. డబ్బాలో ఎన్ని కిలోలు పడతాయని అడిగింది. అప్పలనరసమ్మ మురిసిపోయి, మా డబ్బా పెద్దదమ్మా, క్వింటాలు పడుతుంది అని చెప్పింది. కమిటీ వాళ్లు నింపుతారు కాబట్టి, డబ్బాలో నిజంగా పట్టేదానికంటే ఇంకో పది కిలోలు పెంచి మరీ చెప్పింది. మిగతా ఇళ్లలోనూ అదే వరస. డిసెంబరు నెల, పాత బియ్యం అడుగంటే కాలం. ఆపైన బస్తా కొనొద్దని కమిటీ వారి ఆజ్ఞ. గల్లీలో డబ్బాలన్నీ బోర్లా పెట్టి తట్టినా గింజ రాలని స్థితిలో ఉన్నాయి. అందరూ సంతోషంగా నిండుకున్నాయన్నారు, అంతకంటే సంతోషంగా డబ్బా కొలతలు చెప్పారు.

ఒక్క ఆండాళమ్మ దగ్గర తేడా వచ్చింది. ఆవిడది కరీంనగర్. బియ్యం ఒడిసినయి బిడ్డా అంది. బంగారమ్మకి అర్థం కాలేదు. అదేమిటని అడిగితే ఆండాళమ్మ నవ్వి, ‘ఖతం’ అని వివరంగా చెప్పింది. అయ్యో పాపం అనుకుంది బంగారమ్మ. గల్లీ మొత్తం మీద బియ్యం లేని ఇల్లు ఇదొక్కటే.

రాత్రికి లెక్క తేలింది. ఎనిమిదిళ్ల డబ్బాలు కలిపితే ఏడు క్వింటాళ్ల చిల్లర. కావలసింది ఏడు క్వింటాళ్ల ఇరవై. ఇంత చక్కగా కుదిరిన లెక్క బీకాం మూడేళ్లలో ఒక్కటీ తగల్లేదు. ఆండాళమ్మకి ఒక బస్తా పంపిస్తే చాలు. నిజంగా లేనివేమిటంటే, ఆడవాళ్లు మొహమాటం లేకుండా ‘లేదు’ అని చెప్పినవి: బెల్లం, ఉల్లిపాయలు, టీ పొడి, అగ్గిపెట్టెలు.

మర్నాడు మల్లేశ్వరరావుగారు కళ్లజోడు పెట్టుకుని జాబితా మగవాళ్లందరికీ చదివి వినిపించారు. ‘బియ్యం, స్టాక్ ఫుల్’ అన్నప్పుడు వరండాలో ఒక కలకలం రేగింది. మన ఆడవాళ్లని మనమే తక్కువ అంచనా వేశామని అందరూ ఒప్పుకున్నారు. ఆ సాయంత్రం ఎనిమిదిళ్లలో ఎనిమిదిమంది మొగుళ్లు భార్యలని చూసి ఎందుకో తెలియకుండా మెచ్చుకోలుగా నవ్వారు. ఆ భార్యలు, వీళ్లు ఎక్కడో తప్పు చేసి వచ్చారని అనుమానించారు. సరుకు కోసం వేసుకున్న చందా సరుకుగానే మారాలి, తిరిగివ్వడం పద్ధతి కాదు అన్నది మల్లేశ్వరరావుగారి సిద్ధాంతం. అందువల్ల ఆండాళమ్మ బస్తా పోను మిగిలిందంతా బెల్లం, ఉల్లిపాయలు, టీ పొడి, అగ్గిపెట్టెలుగా మారి ఆయన ముందుగదిలో గోడెత్తు పేరుకుంది.

ఈలోగా, తల్లి తెమ్మంటే ఎందుకని అడిగే అలవాటు లేని సూరిబాబు డ్యూటీ నుంచి వస్తూ రెండేసి కిలోల బియ్యం పొట్లాలు తేవడం బంగారమ్మ చూస్తూనే ఉంది. నిండుగా ఉండగా ఇవెందుకు అనిపించకపోలేదు. ఆపత్కాలానికి దాచినది ముట్టకూడదు గనుక అత్తగారు రోజువారీకి విడిగా తెప్పిస్తోందని తనకి తనే సమాధానం చెప్పుకుంది. ఇంత క్రమశిక్షణ తన పుట్టింట్లో లేనందుకు కొంచెం సిగ్గు కూడా పడింది.

డిసెంబరు ఇరవై ఆరున పంపకం. ఆడవాళ్లు ఖాళీ బస్తాలు, డబ్బాలు పట్టుకుని వచ్చారు. బంగారమ్మ నోటుబుక్కు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. అప్పలనరసమ్మ చేతిలో నాలుగు బెల్లం దిమ్మలు పెడితే ఆవిడ వాటిని చూసి, గదిలోకి తొంగిచూసి, బియ్యం బస్తాలు ఎక్కడమ్మా అని అడిగింది.

“బియ్యం మీ ఇంట్లో నిండుకున్నాయి కదా పిన్నిగారూ” అంది బంగారమ్మ.

“అవునమ్మా, నిండుకున్నాయి. అందుకే అడుగుతన్నాను.”

“నిండుకున్నాయి కదా, మళ్లీ ఎందుకు?”

“ఓలమ్మ, నిండుకున్నాయి కనకే కదేటి.”

ఇద్దరూ ఒకే మాట అంటున్నారు, ఇద్దరికీ ఎదుటి మనిషి మతి మీద అనుమానం కలుగుతోంది. చుట్టూ ఉన్నవాళ్లకి ముందు నవ్వొచ్చింది, తర్వాత నవ్వు ఆగిపోయింది. చివరికి ఆండాళమ్మ ముందుకొచ్చి బంగారమ్మ భుజం మీద చెయ్యి వేసి, ‘వాళ్ల నిండుకునుడంటే ఖతం అన్నట్టు బిడ్డా’ అని మెల్లగా చెప్పింది. బంగారమ్మ నోటుబుక్కులో రెండో గడి చూసింది. పై నుంచి కింది దాకా భరా హై, భరా హై, భరా హై.

మల్లేశ్వరరావుగారు బెల్లం గోడకి చేరగిలబడ్డారు. నెలాఖరు. జీతాలు రావడానికి వారం ఉంది. చందా డబ్బు పైసా మిగల్లేదు. బజారులో బియ్యం ధర రోజుకో మెట్టు ఎక్కుతోంది. తెలుగు రాని పిల్లకి తెలుగిళ్ల లెక్క అప్పగించడం మనదే బుద్ధితక్కువ అని ఆయన గాలిలోకి చూస్తూ అన్నారు. అందరూ దాలమ్మ వైపు చూశారు. హిందీ గుంట అని ఆవిడ ఇప్పుడు అనకపోతే ఇంకెప్పుడు అంటుంది? దాలమ్మ మాత్రం తన వాటా బెల్లం చెంగులో వేసుకుని ఇంటికి నడిచింది. తిట్టి ఉంటే బాగుండేదని బంగారమ్మకి అనిపించింది.

ఇంటికెళ్లాక దాలమ్మ కోడల్ని పీట మీద కూర్చోబెట్టింది. మీ ఇంట్లో బియ్యం అయిపోతే ఏమనేవారని అడిగింది. బంగారమ్మ చెప్పింది. ఎవరు కొలిచేవారని అడిగింది. తనే, తొమ్మిదో ఏటి నుంచి అని చెప్పింది. తొమ్మిదో ఏటికి డబ్బాలో చెయ్యి అందేదా అని అడిగింది దాలమ్మ. అందేది కాదు, స్టూలు వేసుకునేదాన్ని అని చెబుతుంటే బంగారమ్మకి అప్పటిదాకా రాని ఏడుపు వచ్చేసింది. దాలమ్మ ఇంకేమీ అడగకుండా కంచంలో అన్నం పెట్టి, మీద బెల్లం ముక్క పెట్టి, తిను అంది.

మర్నాడు పొద్దున్న పాలమ్మే దులారీబాయి వచ్చింది. ఆమెది బీర్‌గావ్ అవతల మూడు కోసుల దూరంలోని పల్లె. పాలు పోస్తూ ఛత్తీస్‌గఢీలో తన గోడు వెళ్లబోసుకుంది. కోడలు ప్రసవించింది, బాలింతకి శొంఠి లడ్డూలు కట్టాలి, ఎక్కడా బెల్లం దొరకడం లేదు. పట్నం వాళ్లు ప్రపంచం ఆగిపోతుందని దుకాణాలు ఊడ్చేశారట, పల్లెకి బెల్లం లేదు, టీ పొడి లేదు, అగ్గిపెట్టె కూడా లేదు. కోతలై కొత్త వడ్లు దంచి పెట్టుకున్నాం, గాదె నిండా బియ్యమే, బియ్యంతో లడ్డూలు అవుతాయా అంది.

బంగారమ్మ పాలగిన్నె కింద పెట్టేసింది. గాదె నిండా అంటే నిజంగా నిండా ఉందా, లేక లేదనా అని ఛత్తీస్‌గఢీలో నిలేసి అడిగింది. దులారీబాయి ఆ ప్రశ్నకి తెల్లబోయి, చెయ్యెత్తి చూరు దాకా చూపించింది. మీ పల్లెలో ఇంకెంతమందికి బెల్లం కావాలి అని రెండో ప్రశ్న వేసింది. అందరికీ అంది దులారీబాయి.

బెల్లం ఇచ్చి బియ్యం తెచ్చుకోవచ్చని గంటలో గల్లీ అంతా గుప్పుమంది. మల్లేశ్వరరావుగారు, కాగితం లేకుండా సరుకు ఎలా పంపుతామని అడ్డు పడబోతే, నలభై ఏళ్ల కాపురంలో మొదటిసారి అప్పలనరసమ్మ ఆయన్ని ఊరుకోమంది. సూరిబాబు ఫ్యాక్టరీకి సెలవు పెట్టి ఎవరిదో టెంపో అడిగి తెచ్చాడు. వెనకాల బెల్లం దిమ్మల మీద బంగారమ్మ ఎక్కింది. కొలత దగ్గర మోసం జరక్కుండా తనూ ఉండాలని దాలమ్మ ఎక్కింది. దారి పొడుగునా టెంపో గెంతినప్పుడల్లా అత్తాకోడళ్లు ఒకరినొకరు పట్టుకున్నారు.

పల్లెలో దులారీబాయి వాకిలి ముందు సంత మొదలైంది. బంగారమ్మ బేరం ఆడుతుంటే దాలమ్మకి నోరు తెరుచుకుపోయింది. ఇంట్లో మాటకి మాట వెతుక్కునే పిల్ల ఇక్కడ గలగలా మాట్లాడేస్తోంది. ముసలమ్మలని ఆటపట్టిస్తోంది, పసిబిడ్డని ఎత్తుకుని ముద్దాడుతోంది, ఆ చేత్తోనే కిలో బెల్లానికి ఎంత బియ్యమో తెగ్గొడుతోంది. ఆడవాళ్లు కిసుక్కుమని నవ్వుతూ చేటలతో బియ్యం తెచ్చి పోస్తున్నారు. భాష రాకపోతేనేం, కొలత తెలుసు కదా అని దాలమ్మ పమిట బిగించి వాళ్ల చెక్క కొలపాత్ర అందుకుంది. ‘లాభం, రెండు, మూడు’ అంటూ కొలవసాగింది.

ఒకటి అనకుండా లాభం అంటున్నారేమిటత్తా అని బంగారమ్మ అడిగింది. ఈసారి అర్థమైనట్టు తల ఊపి ఊరుకోలేదు. మొదటి కొలతని ఒకటి అనం, లాభం అంటాం అని దాలమ్మ చెప్పింది. అదంతా బంగారమ్మ పల్లె ఆడవాళ్లకి వాళ్ల భాషలో చెప్పింది. వాళ్లకి నచ్చేసింది. ఆ తర్వాత వాకిలంతా కలిసి, మొదటి కొలత పడగానే ‘లాభం’ అని కేకపెట్టి నవ్వడం మొదలుపెట్టారు. సాయంత్రానికి టెంపోలో మూడున్నర క్వింటాళ్ల కొత్త బియ్యం ఉంది. దారిలో దాలమ్మ గుప్పెడు తీసి చూసి, కొత్త బియ్యం ముద్దయిపోతాయి, నీళ్లు తగ్గించి ఎసరు పెట్టాలి అని గొణిగింది. గొణగడంలో కూడా సంబరమే ఉంది.

జనవరి ఒకటో తారీఖు పొద్దున్న కుళాయిలో నీళ్లు వచ్చాయి. బల్బు వెలిగింది. గూడ్సు బండి ఎప్పటిలాగే కూత పెట్టుకుంటూ పోయింది. మల్లేశ్వరరావుగారు కాస్త చిన్నబుచ్చుకున్నట్టు కనిపించారుగానీ, గల్లీ అంతా కలిసి బెల్లం పరమాన్నం వండుకునేసరికి రెండు గిన్నెలు తిని తేరుకున్నారు. కొత్త బియ్యం పరమాన్నానికి ఎంత బాగుంటాయో అప్పలనరసమ్మ అందరికీ చెప్పింది.

రెండో తారీఖు ఆదివారం కమిటీ మళ్లీ కూర్చుంది. ఈసారి ఆడవాళ్లు కూడా వచ్చి వరండాలో చాపలు పరుచుకున్నారు. కంప్యూటర్లు బతికిపోయినా వానాకాలం ఎలాగూ వస్తుంది, గల్లీలో మోకాలు లోతు నీళ్లు నిలిచి వారాల తరబడి బండి రాదు, అందుకని నిలవ పద్ధతి మానకూడదని మల్లేశ్వరరావుగారు అన్నారు. అది అందరికీ నచ్చింది. అయితే ఈసారి ఇళ్ల లెక్క తెలుగు బాగా తెలిసిన వాళ్లకి అప్పగిద్దాం అని కూడా ఆయన అన్నారు. ఎవరినీ నొప్పించే ఉద్దేశం లేదు, పాపం, మంచిమాటగానే అన్నారు.

బంగారమ్మ గుమ్మంలో టీ గ్లాసుల పళ్లెం పట్టుకుని నిలబడి ఉంది. ఈ ఆరు రోజుల సంతోషమూ ఆ ఒక్క మాటతో కారిపోయినట్టనిపించింది. బియ్యం తెచ్చింది, అందరూ తిన్నారు, మెచ్చుకున్నారు. అయినా తను మళ్లీ గుమ్మం అవతలి మనిషే. పళ్లెం కిందపెట్టి లోపలికి వెళ్లిపోదామనుకుంది.

“ఆగండి బాబూ” అంది దాలమ్మ. ఆవిడ మగవాళ్ల మధ్య మాట్లాడటం గల్లీలో అంతకుముందెవరూ వినలేదు. “ఆ గుంటకి తల్లి నేదు. తొమ్మిదో ఏట నుంచి స్టూలెక్కి బియ్యం కొలుసుకుంది. అయిపోతే ఎలాగనాలో సెప్పడానికి ఆ ఇంట్లో ఆడదిక్కు నేదు. నాలుగు నెల్ల నుంచి నా ఇంట్లో ఉంది. నేనూ సెప్పనేదు. తప్పు దానిదెలాగవుతాది?”

ఆండాళమ్మ కళ్లు తుడుచుకుంది. దాలమ్మ గొంతు సవరించుకుంది.

“నా ఇంట్లో ఎంతుందో, ఎంత కావాలో నా కోడలు సెప్తాది. నన్నడిగినా దాన్నే అడిగి సెప్తాను. మీ ఇళ్ల సంగతి మీ ఇష్టం.”

మల్లేశ్వరరావుగారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. తొమ్మిదిళ్ల వాళ్లనీ ఒకసారి చూశారు. ఎవరి ముఖంలోనూ అభ్యంతరం కనబడలేదు. నోటుబుక్కులో కొత్త పేజీ తెరిచి, గుమ్మం వైపు తిరిగారు.

“అమ్మా బంగారమ్మా, వానాకాలానికి ఎంత ఉంచుకోమంటావు?”

దాలమ్మ చాప మీద పక్కకి జరిగింది. బంగారమ్మ పళ్లెం సూరిబాబు చేతికిచ్చి, వచ్చి ఆ చోట్లో కూర్చుంది. ముందు ఇంట్లో తినేవాళ్లెంతమందో ఒక్కొక్కరూ చెప్పండి అంది, అందరూ ఒకేసారి చెప్పడం మొదలుపెట్టారు.